ఆషాఢం సారెలో ఏరేటర్

ఐ.పోలవరం
1 జూలై 2003

చిరంజీవి సాయిదుర్గాప్రసాద్ గారికి,

మీ భార్య భవానీదేవికి నాయనమ్మని, సత్యనారాయణమ్మని రాస్తున్నాను. పెళ్ళిలో పందిట్లో ఫ్యాను ఊడి మీ మీద పడుతుందేమోనని మిమ్మల్ని రెండుసార్లు పక్కకి జరగమన్న ముసలావిడని. గుర్తుండే ఉంటాను.

మా ఇంట్లో ఫోనుంది. కానీ అది మోగిందంటే ఎవరికేమైందోనని నా గుండె జారిపోతుంది. తీసి చెవిన పెట్టుకున్నాక సగం మాట వినపడదు. ఉత్తరమైతే నిదానంగా చదువుకుని నిదానంగా భయపడొచ్చు. అందుకని రాస్తున్నాను.

భవాని క్షేమంగా చేరింది. ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒక కప్పు కింద ఉండకూడదు, కొత్తల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. పెద్దలు పెట్టిన మాట, తప్పదు. పిల్ల తింటోంది గానీ తిన్నట్టు కనపడటం లేదు. మొన్న వంటింట్లో వాళ్ళమ్మ దుర్గతో అంటుంటే విన్నాను: "అమ్మా, ఆయనకి అక్కడ పంపుల గొడవ పట్టుకుందే. నీళ్ళు సరిగ్గా తిరక్కపోతే ఆ తొట్టిలో పెట్టినవన్నీ చచ్చిపోతాయట." అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఏమిటి చచ్చిపోయేవి? పగడాలు అంది. అంత విలువైనవి గాజు తొట్టిలో వేసి నలుగురూ వచ్చిపోయే హోటల్లో పెడతారా బాబూ? దొంగలు పడితే? రాత్రిపూట కాపలా ఎవరుంటారు? నీళ్ళలో కరెంటు పంపు పెట్టి మీరు చెయ్యి పెడతారట కూడాను. కాళ్ళకి రబ్బరు జోళ్ళు వేసుకుంటున్నారా?

ఇంకొక మాట. మా అబ్బాయి గంగరాజు, అంటే మీ మామగారు, ఏదీ మనసులో దాచుకోడు, దాచుకోవాల్సినవి కూడా. పెళ్ళినాడు భోజనాల దగ్గర "ఆ గాజు తొట్లెందుకండీ అల్లుడుగారూ, మా రొయ్యల చెరువుల మీదకొచ్చేయండి, నాలుగెకరాలు మీకే వదిలేస్తాను" అనేశాడు. మీ అమ్మగారు సత్యవేణిగారు విస్తట్లోంచి చెయ్యి తీసేశారు. నేను చూశాను. ఆ తరవాత మీరూ మీ మామగారూ ఒక్క మాట కూడా ఆడుకోలేదు. అదీ నాకొక దిగులు.

వచ్చేవారం ఆషాఢం సారె పంపిస్తున్నాం. మా రొయ్యలు విశాఖపట్నం మోసుకెళ్ళే ఐసు వ్యాను ఏసుదాసుది. అందులోనే వస్తుంది. మీకు అక్కరకొచ్చే వస్తువు ఏమైనా పెట్టాలని ఆలోచిస్తున్నాను. ఆ తొట్టి ఎంతది? మరీ లోతైతే వంగి చూడకండి.

మీ మేలు కోరే మామ్మ,
సత్యనారాయణమ్మ


విశాఖపట్నం
5 జూలై 2003

మామ్మగారికి ప్రసాద్ నమస్కారాలు.

ఫ్యాను సంగతి బాగా గుర్తుందండి. మీరు జరగమన్నాక నేను తలెత్తి చూస్తూనే ఉన్నాను. తలంబ్రాలప్పుడు కూడా.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, భోజనాల ముక్క ఒక్కటీ వదిలేసి. దొంగల భయం ఏమీ లేదండి. మెడలో వేసుకునే పగడం ప్రాణం పోయిన గూడు, ఆ జాతే వేరు. నేను పెంచేవి ప్రాణమున్న పగడాలు. రాయికి అంటుకుని ఉంటాయి. వెలుతురు తగిలితే పూలలా విచ్చుకుంటాయి, బాగోకపోతే ముడుచుకుపోతాయి. పెంపకంలో పుట్టినవాటినే కాగితాలతో సహా చెన్నై మీదుగా తెప్పిస్తున్నాం. సముద్రంలో అలలు వాటికి తిండి తెచ్చిపెట్టి, వాటి మీద మురికి కడుగుతాయి. తొట్టిలో అలలుండవు గనక ఆ పని పంపు చెయ్యాలి.

గొడవంతా ఆ పంపు దగ్గరేనండి. హోటల్ బాపిరాజుగారిది. ఆయన గొట్టం పంపులు నాలుగు పెట్టమంటారు. సన్నటి మూతిలోంచి నీళ్ళు చిమ్ముతాయి. చవక. నేను రెక్కల పంపులు రెండు చాలంటాను. అవి నీటిని చిమ్మవు, వెడల్పుగా తోస్తాయి. రెక్కల పంపు ఒకటి కొనే డబ్బుతో గొట్టం పంపులు నాలుగొస్తాయి, నిజమే. కానీ గొట్టం పంపు ఎదురుగా ఉన్న పగడాన్ని చీల్చేస్తుంది, పక్కనున్నదాన్ని పట్టించుకోదు. నీళ్ళు వేడెక్కిస్తుంది, ఆ వేడి తగ్గించడానికి మళ్ళీ ఇంకో యంత్రం కావాలి. పగలూ రాత్రీ తిరిగేదానికి కొన్న ధర ఒక్కటే చూస్తే ఎలాగండీ? అది తాగే కరెంటు, పాడైతే విడిభాగాలు దొరకడం, ఎన్నేళ్ళు తిరుగుతుందన్నది కూడా చూడాలి కదా. బాపిరాజుగారు అట్టపెట్టె మీద గంటకి ఎన్ని లీటర్లో చదువుతారు, ధర చదువుతారు, అయిపోయింది.

శ్రావణం మొదటి వారానికి తొట్టి సిద్ధం కావాలి. బాగా వస్తే కాకినాడ హోటల్లో కూడా నా చేతే పెట్టిస్తానన్నారు. పగడాలు పోతే మాత్రం, నన్ను నమ్మి ఈ ఊళ్ళో ఇంకెవరూ తొట్టి పెట్టించరు. నా గాజు తొట్ల దుకాణం మూసుకోవడమే. అప్పుడు మామగారి మాటే నెగ్గుతుంది.

తొట్టి ఆరడుగుల పొడవండి. నేను వంగక్కర్లేదు, బల్ల మీద ఉంటుంది. రబ్బరు జోళ్ళు ఇవాళే కొన్నాను.

భవానిని ఒక మాట అడగండి. ఉప్పు చూసే గాజు గొట్టం ఎక్కడ పెట్టిందో దొరకడం లేదు.

సెలవు,
ప్రసాద్


ఐ.పోలవరం
9 జూలై 2003

చిరంజీవి సాయిదుర్గాప్రసాద్ గారికి,

గాజు గొట్టం మీ నీలం చొక్కా జేబులో ఉందట. "ఆ చొక్కా ఆయన ఉతక్కి వెయ్యరు మామ్మా, అందుకే అందులో పెట్టేను" అని నవ్వింది. ఇక్కడికొచ్చాక అదే మొదటి నవ్వు. ఇలాంటి వస్తువులు ఇంకేమైనా పోయుంటే రాయండి.

సారె ఈ పొద్దున్నే ఏసుదాసు వ్యానులో ఎక్కించాం. కాజాలు, సున్నుండలు, జంతికలు, చక్కెరకేళీ గెలలు, మీ అమ్మగారికి చీర, ఇత్తడి బిందె, ఐసులో టైగరు రొయ్యలు, పండుగప్ప చేపలు. గోదారికి ఎర్రనీళ్ళు ఇంకా రాలేదు గనక పులస దొరకలేదు. సున్నుండలు పైన పెట్టమన్నాను. అడుగున పెట్టాడేమోనని భయంగా ఉంది.

మీకోసం ఒకటి వేరే పెట్టాను. మీ ఉత్తరం చదివాక నాకు అంతా అర్థమైంది. నీళ్ళు తిరగాలి, అంతే కదా? మా ఇంట్లో ఆ దిగులు రోజూ ఉన్నదే. నీళ్ళు తిరక్కపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. అందుకే చెరువుల్లో ఏరేటర్లు పెడతారు. నీళ్ళని చిలికే చక్రాల యంత్రం. మా సామాన్ల కొట్లో కొత్తది ఒకటుంది, సంచి కూడా విప్పలేదు. నాలుగు చక్రాలది. మీ తొట్టి ఆరడుగులన్నారు. మా చెరువుల కాపలా వీర్రాజు చేత టేపు పట్టించి కొలిపించాను. ఇదీ ఇంచుమించు ఆరడుగులే. సరిగ్గా పడుతుంది. చక్రాలకి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఇంక ఆ బాపిరాజుగారిని బతిమాలక్కర్లేదు.

మా అబ్బాయి సీడు కోసం, అదే రొయ్యపిల్లల కోసం, కాకినాడ వెళ్ళాడు. వచ్చాక చెబుతాను. భవానికి కూడా చెప్పలేదు, మీ ఉత్తరం వచ్చాక ఆశ్చర్యపోవాలని.

కరెంటు పోతే ఏం చేస్తారో రాయలేదు మీరు. మాకిక్కడ గాలేస్తే పోతుంది. జనరేటరుందా? దాన్ని తిప్పేవాడు తాగుతాడా?

దీవెనలతో,
సత్యనారాయణమ్మ


విశాఖపట్నం
13 జూలై 2003

మామ్మగారికి ప్రసాద్ నమస్కారాలు.

సారె చేరిందండి. సున్నుండలు పైనే ఉన్నాయి. ఒక్కటీ చితకలేదు.

ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. మేముండేది మేడ మీద రెండు గదులు. ఏసుదాసూ, ఇంకో ఇద్దరూ కలిసి ఆ ఏరేటర్‌ని మెట్ల మీదుగా ఎక్కిస్తుంటే వీధిలోవాళ్ళంతా బయటికి వచ్చి నిలబడ్డారు. కింద వాటావాళ్ళావిడ "ఏంటండీ సత్యవేణిగారూ, కోడలు పిండిమర పెట్టుకుంటుందా?" అని అడిగింది. లోపలికి పట్టలేదు. వరండాలో పెట్టాం. ఇప్పుడు మేం ఒంటిపక్కగా నడిచి ఇంట్లోకి వెళ్తున్నాం.

మామ్మగారూ, తొట్టి పొడవు ఆరడుగులే గానీ వెడల్పు రెండడుగులండి. లోపల నిండా రాళ్ళూ పగడాలూ. ఈ యంత్రం అందులో ఒక్క క్షణం తిరిగితే నీళ్ళన్నీ హోటల్ రిసెప్షన్‌లో ఉంటాయి, బాపిరాజుగారితో సహా. కొలత నేనే సరిగ్గా రాయలేదు. మీరు ప్రేమగా పంపారని నాకు తెలుసు.

కానీ అమ్మకి అలా అనిపించలేదు. చక్రాల మీద బొట్లు చూసి మంచం మీద కూలబడింది. "చూశావురా. పెళ్ళిలో నోటితో అన్నది చాల్లేదని ఇప్పుడు సామాను కూడా పంపేరు. నువ్వెళ్ళి వాళ్ళ చెరువు గట్టు మీద కూర్చోవాలని కాకపోతే దీనికర్థమేంటి? సారెలో చెరువు సామాను ఎవరైనా పెడతారా?" అంది. నేను మీ ఉత్తరం చూపించినా వినలేదు. "ఆవిడ అమాయకురాలు. వెనకున్నది మీ మామగారు" అంటోంది.

వెనక్కి పంపేద్దామంటే సారె వస్తువు వెనక్కి పంపకూడదని ఆవిడే ఒప్పుకోదు. ఉంచుకుంటే కళ్ళెదురుగా ఉంటుంది. "వాళ్ళ మనసులో ఏముందో తేలేదాకా నేను కోడల్ని తీసుకురావడానికి మంచిరోజు చూడనురా" అని గట్టిగా చెప్పేసింది. ఈ మాట భవానికి చెప్పాలో వద్దో మీరే చూడండి.

కరెంటు పోతే బ్యాటరీ ఉందండి. రెక్కల పంపు తక్కువ తాగుతుంది గనక సగం రోజు లాగుతుంది. గొట్టం పంపులు నాలుగూ పెడితే బ్యాటరీ గంటలో అయిపోతుంది. జనరేటర్ తిప్పే ఆయన పూజలు చేసుకునే మనిషి.

ప్రసాద్


ఐ.పోలవరం
16 జూలై 2003

బాబూ ప్రసాద్ గారూ,

మీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తుడుచుకోకుండానే కలం పట్టుకున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోవద్దు.

పిల్ల కాపురానికి నేనే అడ్డం పడ్డానా? మీ అమ్మగారితో ఎలాగైనా చెప్పండి, దాని వెనక నేను తప్ప ఇంకెవరూ లేరని. కొలిచింది నేను. బొట్లు పెట్టింది నేను. పొడవు చూసి సంబరపడ్డాను, వెడల్పు అడగాలని తోచలేదు. గంగరాజు కాకినాడ నుంచి వచ్చి కొట్లోకెళ్ళి "అమ్మా, ఇక్కడుండాల్సిన ఏరేటర్ ఏదే?" అని అరిచాడు. అల్లుడుగారికి సారెలో పంపానన్నాను. "ఎందుకూ, ఆయనేం చేసుకుంటాడు, స్నానం చేస్తాడా?" అన్నాడు. అదీ జరిగింది. ఇందులో ఆయన కుట్ర ఎక్కడుంది?

భవానికి చెప్పక తప్పలేదు. ముందు పడీ పడీ నవ్వింది. మీ అమ్మగారి మాట చెప్పేసరికి నవ్వు ఆగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నన్ను తీసుకెళ్ళరా మామ్మా?" అని అడిగింది.

గంగరాజుని వెళ్ళి సత్యవేణిగారితో ఒక మంచి మాట చెప్పి రమ్మన్నాను. "నేనెందుకెళ్తానే? పంపింది నువ్వు. నేను రమ్మన్నది మంచికే. గాజు తొట్లలో రాళ్ళు పెంచడం ఒక పనా?" అన్నాడు. మళ్ళీ మంచం మీద మీ ఉత్తరాలు పెట్టి నేను పెరట్లోకెళ్ళి వచ్చేసరికి, కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నాడు. నన్ను చూసి పక్కన పడేశాడు. అన్నం తింటూ, ఎవరితోనో అన్నట్టు, గోడకేసి చూస్తూ అడిగాడు: "ఆ గొట్టం పంపులు పెడితే మురికి ఎక్కడ కుప్పపడుతుందో చూశాడా ఆయన? పైన నీళ్ళు ఎగరడం కాదు. అడుగున మురికి ఎక్కడ ఆగిందో చూస్తేనే యంత్రం విలువ తెలిసేది." నన్ను రాయమన్నాడని కాదు. అన్నాడు, నేను రాస్తున్నాను.

మా చెరువుల్లో నీళ్ళు తీసేశాక వీళ్ళు చూసేది అదే. మధ్యలో నల్లటి బురద ఎంత మేర పేరిందో చూసి, ఏరేటర్ మంచిదో కాదో, పెట్టిన చోటు మంచిదో కాదో చెప్పేస్తారు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు. నమస్కారం చేసినా అందులో ఇంకేదైనా అర్థం ఉందనుకుంటారేమో. వద్దులెండి, చెప్పకండి. కాదు, చెప్పండి.

సత్యనారాయణమ్మ


విశాఖపట్నం
19 జూలై 2003

మామ్మగారికి నమస్కారాలు.

మీరు దిగులుపడకండి. నమస్కారాలు చెప్పాను. "ఊఁ" అంది. నిన్నటికంటే మెత్తటి "ఊఁ" అండి.

వానల వల్ల బట్టలు ఆరడం లేదు. ఇవాళ పొద్దున నేను లేచేసరికి అమ్మ ఏరేటర్ చక్రాల మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. నేను చూడనట్టే వచ్చేశాను. కానీ మంచిరోజు మాటెత్తితే మాత్రం ముఖం తిప్పేస్తోంది.

మామగారు గోడని అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. గోడకే చదివి వినిపించండి. బాపిరాజుగారు గొట్టం పంపులు నాలుగూ తనే కొని పట్టుకొచ్చేశారు. పెట్టించాను. నీళ్ళు కుతకుతా ఉడికినట్టు ఎగురుతున్నాయి. హోటల్‌కి వచ్చినవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. "అదీ! నీళ్ళు తిరగడమంటే అలా కనపడాలి" అని ఆయన మురిసిపోతున్నారు. నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియడానికి నేను మెత్తటి గుల్లపొడి కొంచెం చల్లి చూశాను. ఎదురుగా ఉన్న రాళ్ళు అద్దంలా ఉన్నాయి. కానీ పెద్ద రాయి వెనకా, ఎడమ మూలా తెల్లగా కుప్పపడింది. అక్కడ నీళ్ళు కదలడమే లేదు. అక్కడ పగడం పెడితే వారంలో కుళ్ళిపోతుంది. ఆయన్ని వంగి చూడమంటే "నడుంనొప్పయ్యా. పైన బాగానే ఉందిగా" అన్నారు.

బతిమాలి గడువు తీసుకున్నాను. ఇరవై నాలుగో తారీఖున తెలిసినవాళ్ళ దగ్గర రెక్కల పంపులు రెండు అరువు తెచ్చి పెడతాను. మర్నాటిదాకా తిరిగాక రెండూ పోల్చి చూసి, ఆయన ఏదంటే అదే. గొట్టం పంపులే ఖాయమంటే నేను ఈ పని వదులుకుంటాను. చచ్చిపోతాయని తెలిసీ పగడాలు పెట్టలేను. అప్పుడు దుకాణం సంగతి చూసుకోవాలి. ఇది భవానికి నేనే చెప్పాలి, కానీ ఫోనులో మొదలుపెట్టి వేరే సంగతికి వెళ్ళిపోతున్నాను. మీరు చెప్పండి.

నా తెల్ల టార్చి కనపడటం లేదని కూడా చెప్పండి. నిజానికి బల్ల మీదే ఉంది.

ప్రసాద్


ఐ.పోలవరం
23 జూలై 2003

బాబూ ప్రసాద్,

ఈ ఉత్తరం ఏసుదాసుకే ఇచ్చి పంపుతున్నాను, పోస్టులో వేస్తే అందేసరికి అంతా అయిపోతుంది. వ్యానులో ఏసుదాసు పక్కన మీ మామగారు కూర్చుని ఉన్నారు. ఉత్తరం సంగతి ఆయనకి తెలీదు.

నిన్న సాయంత్రం మీ జవాబు గోడకి చదివాను. గోడ ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి, పెళ్ళిలో వేసుకున్న చొక్కా తొడుక్కుని, చెరువుల దగ్గర వాడే పెద్ద బ్యాటరీ లైటు పట్టుకుని, "విశాఖపట్నంలో ఐసు కంపెనీవాళ్ళతో పనుందే" అన్నాడు. ఐసు కంపెనీవాళ్ళకి పెళ్ళిచొక్కా దేనికి? "మీ అల్లుడుగారి దగ్గరికేనా నాన్నా?" అని భవాని గుమ్మంలో నిలబడి అడిగింది. "దారిలో ఉంటే చూస్తాను" అన్నాడు.

దెబ్బలాడ్డానికో, మంచికో నాకు తెలియడం లేదు. ఆయన గొంతు పెద్దది. చెరువుల మీద గాలిలో అరిచి అరిచి అలా అయిపోయింది. మామూలుగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుంది. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. ఆషాఢంలో మామగారు అల్లుడి గడప తొక్కొచ్చా అని కూడా భయమేసింది. సిద్ధాంతిగారి దగ్గరికెళ్ళి అడిగాను. "మామగారి సంగతి ఎక్కడా రాయలేదండి. ఎవరూ వెళ్ళి ఉండరు" అన్నారు. తొక్కొచ్చనే అనుకుందాం.

ఆయనకి పెరుగు లేకపోతే ముద్ద దిగదు. మెట్లు తడిగా ఉంటే చూసి ఎక్కమనండి. హోటల్లో ఖరీదైన వస్తువులు చెయ్యి పెట్టి చూస్తాడు, కాస్త కనిపెట్టి ఉండండి. మీరు పని వదిలేస్తానన్న సంగతి భవానికి చెప్పాను. "వదిలేస్తేనే మంచిది మామ్మా, ఆయన అవి చచ్చిపోతుంటే చూడలేరు" అంది. మళ్ళీ "కానీ ఆయన చెరువుల మీదకొస్తే ఇలా ఉండరు, వేరే మనిషైపోతారు" అంది. అది విన్నాక నాకూ అలాగే తోచింది. అంతవరకూ మీరిక్కడికి వచ్చేస్తే పిల్ల కళ్ళెదురుగా ఉంటుందని లోలోపల ఆశపడుతూనే ఉన్నాను. ఇప్పుడు ఆ ఆశ వదిలేసుకున్నాను. మీ పంపులే నెగ్గాలి.

టార్చి బల్ల మీదే ఉండి ఉంటుందని భవాని చెప్పమంది.

మామ్మ


విశాఖపట్నం
26 జూలై 2003

మామ్మగారికి ప్రసాద్ నమస్కారాలు.

మామగారు ఎక్కడా జారిపడలేదు. అది ముందు రాస్తే మీరు మిగతాది స్థిమితంగా చదువుతారని.

ఇరవై నాలుగున పొద్దున రెక్కల పంపులు పెట్టాను. పెట్టిన కాసేపటికే బాపిరాజుగారు వచ్చి "ఏమయ్యా, ఆన్ చెయ్యలేదా?" అన్నారు. తిరుగుతున్నాయండి అన్నాను. "ఏం తిరగడం! చడీ చప్పుడూ లేదు. ఇంత డబ్బు పోసి, ఉన్నాయో లేవో తెలియని వస్తువు కొనాలా?" అంటున్నారు. అప్పుడు తలుపు తోసుకుని మామగారు వచ్చారు. ముందురోజు రాత్రి ఐసు కంపెనీలోనే పడుకున్నారట. ఎవరినీ పలకరించలేదు. తొట్టి దగ్గరికెళ్ళి, పెళ్ళిచొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని, ఇనప చట్రం బల్ల సందుల్లోంచి అడుగు అద్దం మీదకి లైటు వేసి చూడ్డం మొదలుపెట్టారు. రిసెప్షన్‌లో పెట్టెలతో నిలబడినవాళ్ళంతా ఆయన చుట్టూ మూగారు.

బాపిరాజుగారు బిత్తరపోయి "ఎవరయ్యా ఈయన?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే నేల మీంచి జవాబొచ్చింది.

"ఐ.పోలవరం నుంచండి. రొయ్యల చెరువులండి మాకు. మా అల్లుడి పని చూడ్డానికి వచ్చేనండి."

మామ్మగారూ, ఆ మాట విన్నాక నేను ఏ పంపు నెగ్గినా పరవాలేదనుకున్నాను.

ఆయన లేచి చొక్కా దులుపుకుని, "రండి బాబూ, మీరూ ఓసారి పడుకుని చూడండి" అన్నారు. "నాకు నడుంనొప్పండీ" అన్నారు బాపిరాజుగారు. "ఆయ్, అందుకేనండి పడుకోమంటున్నాను, వంగక్కర్లేదు కదండీ" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశారు. హోటల్ యజమానీ, మామగారూ పక్కపక్కనే నేల మీద పడుకున్నారు. నేను గుల్లపొడి చల్లాను. రాయి వెనక వారంనుంచి పేరుకున్న తెల్లటి కుప్ప అప్పటికే సగం కరిగింది. చూస్తుండగానే కొత్త పొడి మెల్లగా లేచి, రాయి చుట్టూ తిరిగి, వడపోత వైపు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నకి ఎడమ మూల కూడా శుభ్రమైపోయింది. బాపిరాజుగారు రెండోరోజు ఎవరూ చెప్పకుండానే పడుకుని చూశారు.

"మరి అవి అంత ఎగిరాయి కదండీ?" అని ఆయన అడిగితే, "నేనూ చప్పుడు చూసే ఏరేటర్ కొన్నానండి ఓసారి. ఊరంతా వినపడేది. పంట పోయేకా చూస్తే చెరువు మధ్యలో మోకాలు లోతు బురదండి" అన్నారు మామగారు. బాపిరాజుగారు గొట్టం పంపులు పెట్టెలో పెట్టించేశారు. రెక్కలవి ఖాయం చేశారు. కాకినాడ తొట్టికి లెక్క వేసి ఇమ్మన్నారు.

అమ్మ సంగతి కూడా రాయాలి. ఆ రాత్రి మామగారు మా ఇంట్లోనే భోంచేశారు. పెరుగు వేశాం. వరండాలో తువ్వాళ్ళు కప్పుకుని ఉన్న ఏరేటర్‌ని చూసి, "మా అమ్మ టేపు పెట్టి కొలిచి పంపిందండి చెల్లెమ్మగారూ. నాకు తెలిసేటప్పటికి వ్యాను తుని దాటేసింది" అన్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ అడగాల్సింది అడిగింది: "మరి మా వాణ్ణి మీ చెరువులకి రమ్మన్నది కూడా మీ అమ్మగారేనా అన్నయ్యగారూ?"

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశారు. తరవాత అన్నారు: "ఇప్పుడు రమ్మన్నా రాడండి ఆయన. వస్తానన్నా నేనొప్పుకోను. ఆ తొట్టి ఎవరు చూసుకుంటారండీ?"

అమ్మ ఇంకో గరిటె పెరుగు వేసింది. వరలక్ష్మీ వ్రతానికి కోడలు మా ఇంట్లో దీపం పెట్టాలట. అంతకుముందురోజే, అంటే గురువారం, తీసుకురమ్మని మీకు రాయమంది. ఈ మాట భవానికి మీరు చెప్పొద్దు. ఉత్తరం ఆమె చేతికే ఇవ్వండి.

ప్రసాద్


ఐ.పోలవరం
3 ఆగస్టు 2003

నాయనా ప్రసాద్,

నీ ఉత్తరం భవాని చేతికే ఇచ్చాను. గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది. ఎంతసేపటికీ రాకపోతే భయమేసి తలుపు కొట్టాను. పెట్టె సర్దుకుంటోంది.

పగడాలు పెట్టావనీ, రెండోనాటికే విచ్చుకున్నాయనీ మీ అమ్మగారు ఫోనులో చెప్పారు. ఫోను మోగినప్పుడు మామూలుగానే గుండె జారింది గానీ, మాట పూర్తిగా వినపడింది. "గులాబీరంగుది ఒకటి అచ్చం మా కోడలి చీర రంగేనండి" అన్నారు. మా కోడలు అన్నారు. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను, వినపడలేదని అబద్ధమాడి.

గురువారం పొద్దున్నే బయలుదేరతారు. గంగరాజు, దుర్గ, భవాని. పుష్కరాల జనంతో బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదట. అందుకని కారు మాట్లాడాడు. ఆ కారు డ్రైవరు కుర్రాడు, మీసం కూడా రాలేదు. నెమ్మదిగా నడపమని చెప్పాను. చెప్పానని వాడికి గుర్తు చెయ్యమని దుర్గకీ చెప్పాను. యానాం వంతెన కొత్తది, అది దాటేదాకా నాకు ఊపిరాడదు. నా మోకాళ్ళు మీ మెట్లు ఎక్కలేవు గనక నేను రావడం లేదు. పిల్ల అక్కడ ఇల్లు సర్దుకున్నాక, వరండాలో నడవడానికి చోటుంటే, చలికాలంలో వస్తాను.

పిల్లని తొట్టి దగ్గర నీ పక్కన నిలబడనియ్యి. దాని కళ్ళు చురుకు, ఏది ముడుచుకుందో నీకంటే ముందే చెబుతుంది. ఇద్దరూ రబ్బరు జోళ్ళు వేసుకోండి.

గంగరాజు నిన్నట్నుంచీ ఏదో కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను రాస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "అయిపోయిందా? కింద కాస్త చోటు వదులు" అన్నాడు. ఏం రాస్తాడో అని భయంగా ఉంది. వదులుతున్నాను.

మామ్మ


ప్రసాద్ గారికి,

గురువారం మీ ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ అడగడం బాగుండదని ఇక్కడే రాస్తున్నాను. రెండో పంట వెయ్యబోయే ముందు చెరువులకి ఏరేటర్లు కొనాలి. రెండు రకాలు చూశాను. ఒకటి చవక, కొట్టువాడు దాన్నే తీసుకోమంటున్నాడు. రెండోది ఖరీదు, కరెంటు తక్కువ తాగుతుందట, గేరుపెట్టె వేరే రకం. రెండింటి కాగితాలూ దీనితో పెట్టాను. చెరువుల పొడవు, వెడల్పు, లోతు వెనక వేశాను. వెడల్పు మర్చిపోలేదు.

ఏది మంచిదో చూసి చెప్పండి. తొందరేమీ లేదు. మీరు చెప్పేదాకా కొనను.

గంగరాజు